క్వాంటం లోయ సరే, తాళాల సంగతేంటి?

ఈమధ్య మా బెజవాడలో ఎవరితో మాట్లాడినా మాట తిరిగి తిరిగి క్వాంటం దగ్గరికొచ్చి ఆగుతోంది. ఒకప్పుడు స్థలాల రేట్లు, ఇంజనీరింగ్ సీట్లు, అమెరికా వీసాలు... ఈ మూడే మావాళ్ళ కబుర్లు. ఇప్పుడు నాలుగోది చేరింది. 2025 మే 2న ఐబీఎం, టీసీఎస్ కలిసి అమరావతిలో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్‌తో క్వాంటం సిస్టమ్ టూ అనే మిషను పెడతామని ప్రకటించాయి. జూన్ 30న విజయవాడలోనే జాతీయ స్థాయి వర్క్‌షాపు జరిగింది. జులైలో అమరావతి క్వాంటం డిక్లరేషన్ వచ్చింది. ఇక చూస్కోండి, గుణదల సెంటర్లో టీ తాగేవాళ్ళు కూడా క్యూబిట్ అంటే ఏంటో ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు. ఎవరు చెప్పింది కరెక్టో మాత్రం తెలియదు. క్వాంటం అంటేనే అంత కదా, తేల్చి చూసేదాకా అందరూ రైటే :)

ఏమాటకామాటే చెప్పుకోవాలి, నాకిది సంతోషమే. మేం చదువుకునే రోజుల్లో కాస్త మంచి కంప్యూటర్ చూడాలంటే హైదరాబాదు బస్సెక్కాల్సొచ్చేది. ఇప్పుడు కృష్ణ అవతలి ఒడ్డున అలాంటి మిషను వస్తుందంటే, మన పిల్లలు దానిమీద ప్రోగ్రాములు రాస్తారంటే ఎవరికి చేదు? కాబట్టి ఇది 'అసలెందుకండీ ఈ క్వాంటాలు' అని దీర్ఘాలు తీసే బాపతు రాత కాదు. నా బాధ వేరే.

మొన్నామధ్య మా మావయ్య ఫోన్ చేశాడు. "ఏరా అబ్బాయ్, ఆ మిషను వస్తే బ్యాంకుల తాళాలన్నీ ఊడొస్తాయంటగా? నా ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఏం చెయ్యమంటావు?" అనడిగాడు. వెనకనుంచి అత్తయ్య "బంగారం కొనమని అప్పుడే చెప్పా కదా" అంటోంది. ఆ మిషను నీ డిపాజిట్ జోలికి రాదులే మావయ్యా, హాయిగా పడుకో అన్నాను. ఆ చెప్పింది నిజమే. కానీ ఫోన్ పెట్టేశాక ఆలోచిస్తే, మా మావయ్య అడిగిన ప్రశ్న మాత్రం నూటికి నూరుపాళ్ళూ సరైంది. తాళాల సంగతేంటి? ఇంతింత డబ్బు పెట్టి మిషన్లు కొంటున్న ప్రభుత్వాల్లో ఎవరన్నా ఈ ప్రశ్న ఇంత సూటిగా వేసుకుంటున్నారా?

ముందు మిషను సంగతి తేల్చేద్దాం. ఎన్‌క్రిప్షన్‌ని తెలుగులో గూఢలిపీకరణ అనాలట, నాకు నోరు తిరగదు కాబట్టి తాళం వెయ్యడం అనే అంటాను. మనం ఇవ్వాళ వాడే తాళాలు రెండు రకాలు. ఒకే చెవితో వేసి, అదే చెవితో తీసేది ఒకటి, ఏఈఎస్ లాంటిది. వెయ్యడానికో చెవి, తియ్యడానికో చెవి ఉండేది ఇంకోటి - 1977లో వచ్చిన ఆర్‌ఎస్‌ఏ, ఆ తర్వాతొచ్చిన ఎలిప్టిక్ కర్వ్ తాళాలు. పీటర్ షోర్ 1994లో చూపించిందేంటంటే, తగినంత పెద్ద క్వాంటం కంప్యూటర్ ఉంటే ఈ రెండో రకం తాళాలు ఊడిపోతాయి. మొదటి రకానికి అంత గండం లేదు. 1996లో గ్రోవర్ చెప్పిన పద్ధతి వాడినా ఏఈఎస్-256 నిలబడుతుంది.

మరి తగినంత పెద్దది అంటే ఎంత? 2019లో గిడ్నీ, ఎకెరా అనే ఇద్దరు లెక్కగట్టి, తప్పులు చేసే మామూలు క్యూబిట్లు 2 కోట్లుంటే ఆర్‌ఎస్‌ఏ-2048ని 8 గంటల్లో పగలగొట్టొచ్చన్నారు. 2025 మేలో అదే గిడ్నీ మళ్ళీ కూర్చుని లెక్కేసి, 10 లక్షల లోపు క్యూబిట్లతో వారం లోపే అయిపోతుందన్నాడు. అమరావతి మిషనులో ఉండేవి 156. కాబట్టి మా మావయ్య డిపాజిట్‌కి దానివల్ల ఏ ఢోకా లేదు. కానీ ఇక్కడ ఇంకో సంగతి గమనించండి. ఆరేళ్ళలో 2 కోట్లు కాస్తా 10 లక్షలకి దిగింది. అవతల మిషను పెరగడం ఒకెత్తు, ఇవతల అవసరమైన క్యూబిట్ల లెక్క తరగడం ఇంకోఎత్తు. రెండూ ఒకదానికొకటి ఎదురొస్తున్నాయి. ఎక్కడ కలుస్తాయో, ఏ సంవత్సరం కలుస్తాయో చెప్పగలిగిన మొనగాడు ఎవడూ లేడు.

'అప్పుడు చూసుకుందాంలే' అంటారా? అక్కడే ఉంది అసలు తిరకాసు.

దొంగ ఇవ్వాళే తాళం తియ్యక్కర్లేదు. తాళం వేసిన పెట్టెని ఇవ్వాళ ఎత్తుకుపోయి, చెవి దొరికిన రోజున తెరుచుకోవచ్చు. తీగల్లో పోయే డేటాని ఇప్పుడు పట్టి దాచుకుని, పదేళ్ళకో పదిహేనేళ్ళకో విప్పుకోవడమన్నమాట. మిషెల్ మోస్కా అనే ఆయన దీన్ని చిన్నపిల్లాడికి కూడా అర్థమయ్యే కూడికలా చెప్పాడు. డేటా ఎన్నేళ్ళు గుట్టుగా ఉండాలి, తాళాలన్నీ మార్చడానికి ఎన్నేళ్ళు పడుతుంది - ఈ రెండూ కూడండి. ఆ మొత్తం, పెద్ద మిషను రావడానికి పట్టే ఏళ్ళకన్నా ఎక్కువైతే మీరు ఇప్పటికే ఆలస్యమైపోయారు. మిషను ఇంకా రాకపోయినా సరే.

ఈ కూడికని మా ఇంట్లోవాళ్ళకి వేసి చూడండి. మా అమ్మ రేషన్ షాపులో వేలిముద్ర వేస్తుంది. పప్పులు పట్టీ, అంట్లు తోమీ గీతలు అరిగిపోయాయి, మూడుసార్లు నొక్కితే గానీ మిషను ఒప్పుకోదు. అది వేరే కథ. ఆధార్ అథెంటికేషన్‌కి యూఐడీఏఐ ప్రచురించిన స్పెసిఫికేషన్ల ప్రకారం, ఆ వేలిముద్ర ఉన్న బ్లాకుని ఏఈఎస్-256తో మూస్తారు. బాగుంది. ఆ ఏఈఎస్ చెవిని మళ్ళీ 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ పబ్లిక్ కీతో మూసి పంపిస్తారు. అంటే బీరువా ఉక్కుదే, దాని తాళంచెవి దాచిన డబ్బా మాత్రం రేపటికి రేకుడబ్బా. ఇవ్వాళ దాన్ని ఎవరూ తియ్యలేరు, ఇప్పుడు వాడటంలో తప్పేం లేదు. కానీ పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, కార్డు పోతే ఇంకోటి తెచ్చుకుంటాం. మా అమ్మ బొటనవేలు మార్చలేం కదా! వేలిముద్ర ఎన్నేళ్ళు గుట్టుగా ఉండాలి అంటే, మనిషి బతికున్నన్నాళ్ళూ. మా అమ్మకి కాకపోయినా, నిన్నగాక మొన్న ఆధార్ తీసుకున్న మా మేనకోడలికి ఇంకో డెబ్భై ఎనభై ఏళ్ళు. ఆ కూడికలో మొదటి అంకె డెబ్భై అయితే, ఇక మిగతా రెండు అంకెలు ఎంతయినా ఒకటే.

రెండోది పొలాల సంగతి. కృష్ణా డెల్టాలో పుట్టినవాడికి గట్టు తగాదా గురించి చెప్పక్కర్లేదు. జానెడు గట్టుకోసం రెండు తరాలు కోర్టు చుట్టూ తిరిగిన కుటుంబాలు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. ఆ కేసుల్లో చివరికి నిలబడేది కాగితం. యాభై ఏళ్ళ నాటి స్టాంపు కాగితం, దానిమీద వేలిముద్రలు, సాక్షి సంతకాలు. 1998లో కార్డ్ ప్రోజెక్టుతో మన రిజిస్ట్రేషన్లు కంప్యూటర్ మీదకొచ్చాయి. 2000లో వచ్చిన ఐటీ చట్టం డిజిటల్ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది. ఆ తర్వాత మీసేవ, మీభూమి, 2025 జనవరి 30 నుంచి వాట్సాప్‌లో మన మిత్ర. సౌకర్యం చాలా ఉంది, కాదన్ను. కులం సర్టిఫికెట్ కోసం ఆఫీసు మెట్లమీద కూర్చున్న రోజులు నాకు బాగా గుర్తు.

కానీ గుట్టు బయటపడటం ఒక ప్రమాదమైతే, సంతకం ఫోర్జరీ అవ్వడం అంతకన్నా పెద్ద ప్రమాదం. ఆర్‌ఎస్‌ఏ పడిపోయిన రోజున, ఆ చెవి కనుక్కున్నవాడు 2020 తేదీ వేసి కొత్త కాగితం పుట్టించొచ్చు. సర్టిఫికెట్ సరిగ్గానే ఉంటుంది, సంతకం సరిపోయిందనే సాఫ్ట్‌వేర్ చెప్తుంది. పాత కాగితం అయితే సిరా చూస్తారు, కాగితం వయసు చూస్తారు. బిట్లకి వయసు ఏముంటుంది? ఆ సంతకం ఫలానా రోజుకే పడిందని వేరేగా రుజువు ఉంటే తప్ప - అంటే కొత్త పద్ధతిలో టైమ్ స్టాంపు, పాత రికార్డులన్నిటిమీదా మళ్ళీ కొత్త సంతకం - అసలుదీ నకిలీదీ విడదీసే దారి ఉండదు. ఆ మళ్ళీ సంతకాలు పెట్టే పని, పాత తాళం పడిపోకముందే జరగాలి. పడిపోయాక చేస్తే నకిలీ కాగితాలకి కూడా మనమే కొత్త ముద్ర వేసినట్టవుతుంది.

ఇక ప్రభుత్వాల సంగతి. మన దేశంలో తాళాల విషయంలో ప్రభుత్వాల ఆలోచన ఎప్పుడూ ఒకటే. 'తాళం గట్టిగానే ఉండాలి, కానీ మారుతాళం మా దగ్గర ఉండాలి.' ఇంటర్నెట్ కొత్తల్లో ఐఎస్‌పీ లైసెన్సుల్లో 40 బిట్లు దాటిన తాళం వాడాలంటే అనుమతి తీసుకుని, చెవి అప్పజెప్పాలని రాశారు. అదే సమయంలో, 2001లో రిజర్వు బ్యాంకు మాత్రం ఇంటర్నెట్ బ్యాంకింగ్‌కి కనీసం 128 బిట్లు ఉండాలంది. ఒక ఆఫీసు తప్పనిసరి అన్నదాన్ని ఇంకో ఆఫీసు అనుమతి లేకుండా వద్దంది. పాపం బ్యాంకులు ఎవరి మాట వినాలి?

2008 సవరణలో ఐటీ చట్టానికి 84ఏ అనే సెక్షన్ చేర్చారు. ఏ రకం ఎన్‌క్రిప్షన్ వాడాలో కేంద్రం నిర్ణయించొచ్చని దాని సారాంశం. దాని కింద 2015 సెప్టెంబరులో జాతీయ ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదా ఒకటి బయటికి వదిలారు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎన్‌క్రిప్ట్ చేసి పంపిన ప్రతీదాని సాదా కాపీని 90 రోజులు దాచిపెట్టి, పోలీసులు అడిగితే చూపించాలట. మా ఆవిడకి పంపిన 'వచ్చేటప్పుడు పెరుగు తెస్తా' మెసేజి కూడా :) దేశమంతా గోల గోల చేస్తే 22వ తేదీన వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత 2021 ఐటీ నిబంధనల్లో మెసేజి మొదట ఎవరు పంపారో చెప్పాలన్న షరతు, దానిమీద వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళడం. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇన్నేళ్ళ చర్చంతా తాళం ఎవరు తియ్యాలి అన్నదాని చుట్టూనే తిరిగింది. తాళం ఎన్నాళ్ళు ఆగుతుంది అన్నది ఎవరికీ పట్టలేదు.

2023 ఏప్రిల్ 19న కేంద్ర కేబినెట్ జాతీయ క్వాంటం మిషన్‌కి రూ.6,003.65 కోట్లు ఆమోదించింది. ఎనిమిదేళ్ళలో 50 నుంచి 1000 క్యూబిట్ల మిషన్లు చెయ్యడం, 2000 కిలోమీటర్ల క్వాంటం కమ్యూనికేషన్, సెన్సర్లు, కొత్త మెటీరియల్స్ లక్ష్యాలు. మంచివే. సైన్సుకి డబ్బు పెట్టడం తప్పని ఏ ఇంజనీరూ అనడు. కానీ రక్షణ అనేసరికి అందులో ఎక్కువ వినపడే మాట క్యూకేడీ. అంటే కాంతి కణాల మీద తాళంచెవిని పంపడం, మధ్యలో ఎవరైనా తొంగి చూస్తే తెలిసిపోవడం. 2022 ఫిబ్రవరిలో డీఆర్‌డీవో, ఐఐటీ ఢిల్లీ కలిసి ప్రయాగ్‌రాజ్ నుంచి వింధ్యాచల్ దాకా 100 కిలోమీటర్ల పైన మామూలు ఫైబర్ మీదే చేసి చూపించారు. గొప్ప పనే, చప్పట్లు కొట్టాల్సిందే. కానీ దానికి ప్రత్యేకమైన పెట్టెలు కావాలి, అటూ ఇటూ ఉన్నది అసలు మనిషేనా అని తేల్చుకోవడానికి మళ్ళీ వేరే పద్ధతి కావాలి. అమెరికా ఎన్‌ఎస్‌ఏ అయితే తమ దేశ భద్రత సిస్టమ్స్‌కి దీన్ని సిఫార్సు చెయ్యమని తేల్చి చెప్పింది. ఢిల్లీకీ ముంబైకీ మధ్య వెయ్యొచ్చేమో గానీ, మా వీధి రేషన్ షాపు మిషనుకి క్యూకేడీ వెయ్యలేం కదా.

రేషన్ షాపుకి కావాల్సింది మామూలు కంప్యూటర్ మీదే నడిచే కొత్త లెక్కల తాళం. అది వచ్చేసింది కూడా. అమెరికా నిస్ట్ సంస్థ 2016లో పోటీ పెట్టి, ప్రపంచంలోని లెక్కల పండితులందరితో ఎనిమిదేళ్ళు కొట్టించి, 2024 ఆగస్టు 13న మూడు ప్రమాణాలు ఖరారు చేసింది. చెవుల మార్పిడికి ఎంఎల్-కెమ్, సంతకాలకి ఎంఎల్-డీఎస్ఏ, ఇంకో రకం సంతకానికి ఎస్‌ఎల్‌హెచ్-డీఎస్ఏ. 2022లోనే అమెరికా తన ప్రభుత్వ శాఖలన్నీ ఎక్కడెక్కడ ఏ తాళం వాడుతున్నాయో లిస్టు రాసివ్వాలని చట్టం చేసింది. బ్రిటన్ 2025 మార్చిలో మూడు గడువులు చెప్పింది - 2028కి లెక్క తేల్చడం, 2031కి ముఖ్యమైనవి మార్చడం, 2035కి అన్నీ మార్చడం. మన దగ్గర సర్ట్-ఇన్ 2025 జులైలో సాఫ్ట్‌వేర్‌లో ఏయే తాళాలున్నాయో పట్టీ రాయాలని మార్గదర్శకాలిచ్చింది. మంచి మొదలు. కానీ మార్గదర్శకం వేరు, గడువు వేరు. ఉద్యోగం చేసే మనకి ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. మేనేజర్ 'చూడండి ఒకసారి' అంటే ఎవరు చూస్తారు? 'శుక్రవారం సాయంత్రానికి' అంటే కదా చూసేది!

మార్చడం అంటే ఒక లైబ్రరీ తీసి ఇంకోటి పెట్టడమే కదా అనుకునేవాళ్ళకి నా అనుభవం ఒకటి చెప్తాను. పేరు అనవసరం, ఒక క్లయింటు దగ్గర మా టీముకి ఇదే పని అప్పజెప్పారు. ఏ తాళం ఎక్కడుందో పట్టీ రాయండి అని. రెండు వారాలు చాలనుకుని మొదలెడితే నాలుగు నెలలు పట్టింది. కంపెనీ వదిలి ఎప్పుడో వెళ్ళిపోయినాయన రాసిన జార్ ఫైలు ఒకటి, దాని సోర్సు ఎక్కడా లేదు. అందులో కీ సైజు నేరుగా కోడ్‌లోనే కూర్చుంది. ఒకచోట డేటాబేసులో సంతకం పెట్టుకునే కాలమ్ సరిగ్గా 256 బైట్లు, ఆర్‌ఎస్‌ఏ-2048 సంతకానికి అతికినట్టు కుట్టించిన చొక్కాలాగా. ఎంఎల్-డీఎస్ఏలో చిన్న సైజు సంతకమే 2420 బైట్లు. ఆ చొక్కా ఎక్కడ పడుతుంది? పైగా ఆ కాలమ్‌ని చదివే రిపోర్టులు పదకొండు, వాటిని నడిపే మూడు వేరే వెండర్లు, ఒక్కొక్కరికీ ఒక్కో ఛేంజ్ రిక్వెస్టు.

సర్టిఫికెట్ల మీద ఉండే క్యూఆర్ కోడ్ తీసుకోండి. ఎంత పెద్ద క్యూఆర్ అయినా అందులో పట్టేది 2953 బైట్లే. సంతకానికే 2420 పోతే ఇక పేరు, ఊరు, ఫొటో ఎక్కడ పెడతాం? ఫాల్కన్ అనే ఇంకో పద్ధతిలో 666 బైట్లతో సరిపెట్టొచ్చు, దానికి వేరే తలనొప్పులున్నాయి. అంటే ఇది కేవలం కోడ్ మార్పు కాదు. ఫారం మారాలి, ప్రింటర్ మారాలి, తహసీల్దారు టేబుల్ మీదున్న డాంగిల్ మారాలి. వీటికి ఏళ్ళు పడతాయి. మోస్కా కూడికలో రెండో అంకె ఇదే.

మన సీనియర్లు వైటూకే అంటే నవ్వుతారు. ఏదో ప్రళయం అన్నారు, ఏం జరగలేదు కదా అని. ఏం జరగలేదు ఎందుకంటే, అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని విమానం ఎక్కిన మనవాళ్ళతో సహా లక్షలమంది కూర్చుని లైను లైనుకీ సరిచేశారు కాబట్టి. వైటూకేకి ఒక అదృష్టం ఉంది, తేదీ ముందే తెలుసు. ప్రపంచంలో ఏ బాసూ దాన్ని వచ్చే క్వార్టర్‌కి తొయ్యలేకపోయాడు. దీనికి తేదీ లేదు. వచ్చిన రోజున ఎవరూ ప్రెస్ మీట్ పెట్టి చెప్పరు కూడా. అందుకే తేదీ మనమే పెట్టుకోవాలి, అంటే ప్రభుత్వం పెట్టాలి.

2024 సెప్టెంబరు 1 మా బెజవాడ వాళ్ళెవరూ మర్చిపోరు. బుడమేరు గట్టుకి గండ్లు పడి, మాకు కూతవేటు దూరంలో ఉన్న సింగ్ నగర్ మునిగింది. రోజుల తరబడి మేడలమీద మనుషులు, పడవల్లో పాల ప్యాకెట్లు. తర్వాత సైన్యం వచ్చి గండ్లు పూడ్చింది. బుడమేరు పొంగుతుందని మాకు తెలియదా? తాతల నాటినుంచీ తెలుసు. ఎప్పుడు అన్నదొక్కటే తెలియదు. గట్టు బలంగా ఉండగా దానిమీద మట్టి పొయ్యడానికి ఎవరికీ డబ్బులుండవు, ఎందుకంటే దానికి రిబ్బన్ కత్తిరించే కార్యక్రమం ఉండదు. తాళాలు మార్చడం కూడా అచ్చం గట్టుకి మట్టి పొయ్యడం లాంటి పనే.

అందుకని నా మట్టుకు నాకు తోచినవి రాష్ట్ర ప్రభుత్వానికి చెప్పుకుంటున్నాను. వీటికి క్వాంటం కంప్యూటర్‌కి పెట్టేంత డబ్బు అక్కర్లేదు.

1. ఇవ్వాల్టినుంచి వేసే ప్రతి సాఫ్ట్‌వేర్, హార్డ్‌వేర్ టెండర్లో ఒక్క షరతు రాయండి - తాళం పద్ధతి మార్చాల్సొస్తే మిషను పీకి పారెయ్యకుండా మార్చగలగాలి. మా గుణదలలోనే విద్యుత్ సౌధ ఉంది, ట్రాన్స్‌కో, జెన్‌కోల హెడ్డాఫీసు. కరెంటు మీటరైనా, సబ్‌స్టేషన్ పరికరమైనా ఇవ్వాళ కొన్నది పదేళ్ళకి పైనే గోడమీద ఉంటుంది. కొన్నాక ఏడిస్తే లాభం లేదు.

2. ప్రతి శాఖా తన తాళాల పట్టీ ఒక సంవత్సరంలో రాయాలి. రాశారా లేదా అన్నది అసెంబ్లీలో చెప్పాలి. పట్టీ బయట పెట్టక్కర్లేదు, పూర్తయిందన్న మాట చాలు.

3. ఎక్కువకాలం గుట్టుగా ఉండాల్సినవి ముందు. వేలిముద్రలు, ఆరోగ్యం రికార్డులు, భూముల రికార్డులు. రేపటికి పాతబడే డేటా తర్వాత. వేలిముద్రల విషయం ఢిల్లీ చేతిలోది, కానీ అడగాల్సింది మాత్రం మనమే.

4. భూముల రికార్డుల మీద పాత సంతకాలు చెల్లుబాటుగా ఉండగానే కొత్త సంతకం, కొత్త టైమ్ స్టాంపు వేసే పని మొదలెట్టాలి.

5. క్వాంటం లోయలో చదివే పిల్లల్లో సగంమందికి ఈ మార్పిడి పని నేర్పండి. క్యూబిట్ల మీద పరిశోధన చేసే ఉద్యోగాలు వందల్లో ఉంటే, తాళాలు మార్చే ఉద్యోగాలు వేలల్లో ఉంటాయి. వైటూకే మనకి ఏం చేసిపెట్టిందో గుర్తుందిగా.

'మరి కొత్త తాళాలు మాత్రం గట్టివని గ్యారంటీ ఏంటి?' అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. నిస్ట్ పోటీలో చాలా దూరం వచ్చిన సైక్ అనే పద్ధతిని 2022లో ఇద్దరు బెల్జియం పరిశోధకులు మామూలు కంప్యూటర్లో ఒక్క కోర్ మీద గంటసేపట్లో పగలగొట్టారు. క్వాంటం లేదు, ఏం లేదు. అందుకే ఇప్పుడు అందరూ పాతదీ కొత్తదీ రెండూ కలిపి వేస్తున్నారు, తలుపుకి గడియా తాళమూ రెండూ పెట్టినట్టు. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. మొదటి షరతు నేను అదే ఎందుకు రాశానంటే కూడా ఇందుకే. ఏ తాళం శాశ్వతమో ఎవరూ చెప్పలేరు, మార్చుకోగలిగే వీలొక్కటే శాశ్వతం.

ప్రభుత్వం కదిలేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ 2022లో వచ్చిన 9.0 నుంచే క్వాంటం తట్టుకునే చెవుల మార్పిడిని డిఫాల్టుగా పెట్టింది, 2025లో వచ్చిన 10.0లో ఎంఎల్-కెమ్ డిఫాల్టు. ఓపెన్ ఎస్ఎస్ఎల్ 3.5లో మూడు ప్రమాణాలూ ఉన్నాయి. క్రోమ్ బ్రౌజర్ 2024 నుంచే ఈ కలిపి వేసే తాళం వాడుతోంది. అంటే అటువైపు తలుపు సిద్ధంగా ఉంది, మన సర్వర్లు మాత్రం పాత గొళ్ళెంతోనే ఉన్నాయి. సోమవారం ఆఫీసుకి వెళ్ళాక మీ సర్వర్లో ఏ వెర్షన్ ఉందో ఒక్కసారి చూడండి. డాలస్‌లో ఉన్నా, మాదాపూర్‌లో ఉన్నా, మాలాగా ఏలూరు రోడ్డు పక్కన కూర్చున్నా సరే. మీ పట్టీలో ఎన్నేళ్ళ నాటి జార్ ఫైలు దొరికిందో నాకూ చెప్పండి. పాతదానికి మన సంఘం తరఫున గుణదల సెంటర్లో టీ :)

ఆ మిషను అమరావతికి రావాలి. వచ్చిన రోజున నేనూ వెళ్ళి చూస్తాను, పిల్లల్ని కూడా తీసుకెళ్తాను. కానీ ఆ మిషను చూపించి 'మనం క్వాంటం యుగానికి సిద్ధమైపోయాం' అని ఎవరైనా అంటే మాత్రం ఒక్క ప్రశ్న అడగండి. రిజిస్ట్రారాఫీసులో సర్వర్ మీద ఏ తాళం ఉంది, అది మార్చడానికి ఏ సంవత్సరం గడువు పెట్టారు? జవాబులో ఒక సంవత్సరం అంకె వినపడితే సిద్ధమైనట్టు. 'పరిశీలనలో ఉంది' అంటే గట్టుకి ఇంకా మట్టి పొయ్యలేదన్నట్టు.